ఎనిమిదేళ్ళ పిల్లకి ఎర్రకార్డు

మా అన్నయ్యది లిఫ్టులు బాగుచేసే పని. వారమంతా లిఫ్టు గోతుల్లో గ్రీజు పూసుకుని, ఆదివారం పొద్దున మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మైదానానికి బయల్దేరతాడు. తొమ్మిదేళ్ళలోపు పిల్లల ఫుట్‌బాల్ ఆటలకి పదకొండేళ్ళుగా ఆయనే రిఫరీ. పెళ్ళీ పెటాకులూ లేవు. ఎండా, తిట్లూ తప్ప అక్కడ ఆయనకి ఒరిగేదేమీ లేదు. అయినా ఒక్క ఆదివారం మానడు.

మైదానం గీత అవతల నిలబడే తల్లిదండ్రుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పిల్లలకి పాలపళ్ళే పూర్తిగా ఊడలేదు, వీళ్ళకి మాత్రం కప్పు కావాలి. "కాలు అడ్డం పెట్టి పడెయ్యరా!" అని మనవడికి నేర్పే తాతని చూశాను. గోల్ వదిలేశాడని కొడుక్కి మంచినీళ్ళ సీసా ఇవ్వని తల్లిని చూశాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు. వీళ్ళు ఆ ఆడటం కూడా ఆడరు, గొడుగు నీడన కూర్చుని రిఫరీని తిడతారు. నేను పనిచేసే మందుల షాపులో శనివారం సాయంత్రం ఎక్కువగా పోయేవి నొప్పి స్ప్రేలూ, చిన్న సైజు క్రేప్ బ్యాండేజీలూ. ఎవరికని నేనెప్పుడూ అడగలేదు. అడగడానికి నాకేం మొహముంది? నా కొడుకూ ఆడతాడు, గీత దగ్గర అందరికన్నా పెద్ద గొంతు నాదే.

అన్నయ్యకి ఒక అలవాటుంది. ఆట మొదలవకముందు పిల్లల్లో ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని బూటు లేసులు తనే బిగిస్తాడు. బిగిస్తూ మెల్లగా, "ఎక్కడైనా నొప్పా?" అని అడుగుతాడు. ఆ మాట గీత దాకా వినబడదు కాబట్టి పిల్లలు ఇంట్లో చెప్పనివి అక్కడ చెప్తారు.

ఆ ఆదివారం పళ్ళ డాక్టరుగారి కూతురి వంతు వచ్చింది. మా జట్టులో ఆ పిల్లని రాకెట్ అంటారు. లేసు పట్టుకోగానే కాలు వెనక్కి లాక్కుంది. అన్నయ్య సాక్సు కిందికి దించి చూస్తే, చీలమండ వాచి నల్లబడి ఉంది.

"మా నాన్నకి చెప్పకండి సార్. పోయిన వారం చెప్తే నాటకాలాడకు అన్నారు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

ఊళ్ళో వాళ్ళందరి పళ్ళూ లెక్కపెట్టే మనిషికి కన్నకూతురి కాలు కనబడలేదు!

నొప్పి ఉందని ఆపితే పిల్ల నోరు విప్పిందని తండ్రికి తెలిసిపోతుంది. ఆపకపోతే ఆ కాలితో ఆటంతా పరుగెత్తాలి. అన్నయ్య ఈల ఊదాడు. నిమిషం కాకముందే, బంతి ఆ పిల్ల దరిదాపుల్లోకైనా రాకముందే, ఎర్రకార్డు ఎత్తి ఆ పిల్లని బయటికి పంపేశాడు. ఈల కన్నా ముందే మధ్య గీత దాటిందని రిఫరీ పుస్తకంలో రాశాడు. కావాలనే ఎవరూ నమ్మని కారణం రాశాడు. నమ్మితే తిట్లు పిల్లకి పడతాయి, నమ్మకపోతే తనకి పడతాయి. ఎర్రకార్డు పడ్డవాళ్ళు తర్వాతి రెండు ఆదివారాలూ ఆడకూడదు. కార్డు ఎత్తిన రిఫరీ తప్ప ఇంకెవరూ దాన్ని రద్దు చెయ్యలేరు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా రాకెట్ లేకపోతే మావాళ్ళు ఓడిపోతారని. పళ్ళ డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. "అవతలి వాళ్ళ దగ్గర ఎంత తిన్నావయ్యా?" అని కేకలు. నేను తక్కువ తిన్నానా? "నీకు కళ్ళు పోయాయా అన్నయ్యా?" అని అంతమందిలో గొంతు చించుకున్నాను. ఈ ఆటలు నడిపే సంఘానికి రాసిన ఫిర్యాదులో మూడో సంతకం నాదే.

బుధవారం సాయంత్రం సంఘం గదికి అందరినీ పిలిచారు. రాకెట్ తన తండ్రి పక్కనే, కాలు కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చుంది.

"పొరపాటున ఎత్తానని ఒక్క ముక్క రాసివ్వండి మాస్టారూ," అన్నాడు అధ్యక్షుడు. "కార్డు రద్దయిపోతుంది, మీరు ఎప్పట్లాగే రావచ్చు. రాయనంటే మాత్రం ఈల ఇచ్చెయ్యాలి."

"ఈ ఆదివారం పెద్ద జట్టు వాళ్ళు పిల్లల్ని ఎంచుకోడానికి వస్తున్నారు!" పళ్ళ డాక్టరు బల్ల గుద్దాడు. "నా కూతురి భవిష్యత్తు నాశనం చేస్తున్నాడు!"

ఎనిమిదేళ్ళ పిల్ల భవిష్యత్తట! ఆదివారం దాటితే ఇక తెల్లారదన్నట్టు!

అన్నయ్య ఆ పిల్ల వైపు కన్నెత్తి చూడలేదు. "పొరపాటు కాదండీ, గీత దాటింది," అన్నాడు. మెడలోంచి ఈల తీసి బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ళు ఈల ఊదిన మనిషితో, పోనీ వెళ్ళిరండి అన్నవాడు కూడా లేడు.

బయటికొచ్చాక, మెట్లు దిగుతున్న రాకెట్ కాళ్ళనే చూస్తూ, "రెండు వారాలు. సరిపోతుందిలే," అని తనలో తను అనుకున్నాడు. బస్టాపు దాకా వదలకుండా అడిగితే అప్పుడు అసలు సంగతి చెప్పాడు. విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. పళ్ళ డాక్టరు చొక్కా పట్టుకుని నాలుగు దులిపెయ్యాలనిపించింది. నా చొక్కా ఎవరు పట్టుకోవాలి?

"అన్నయ్యా, మావాడు ఎప్పుడైనా నీతో ఏమైనా చెప్పాడా?"

"ఆ పిల్ల సంగతి నీకు చెప్పడమే తప్పయింది. పిల్లలు నన్ను నమ్మి చెప్పింది ఇక ఎవరికీ చెప్పనమ్మా."

"నేను వాడి తల్లిని!"

బస్సు వచ్చింది. అన్నయ్య ఎక్కేశాడు.

ఇంటికెళ్ళేసరికి మావాడు నేల మీద బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటున్నాడు. నేను చెప్పులైనా విప్పకుండా వాడి పక్కన కూలబడి, కాలు మీద చెయ్యి వేశాను. చటుక్కున లేచి నిటారుగా నిలబడ్డాడు.

"బాగానే ఉందమ్మా. ఆడగలను, నిజంగా ఆడగలను," అన్నాడు.

నేనింకా వాణ్ణి ఏమీ అడగలేదు.