మిగిలిన ఆ కాస్త వినికిడి

చేతిలో మిగిలిన కాస్తని పణంగా పెట్టి, లేనిదాన్ని కోరుకోవచ్చా? కొన్నేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. దాన్ని నాకు అప్పగించిన మనిషి పోయిన వారం వెళ్లిపోయారు. ఈ పరాయి దేశంలో, న్యూ లిన్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీ. "మీ ఆంటీ పోయిందమ్మా" అని అంకుల్ మా గుమ్మంలో నిలబడి చెప్పారు. ఆయనది బావిలోంచి వచ్చినట్టుండే బరువైన గొంతు. ఆ గొంతు ఊసెత్తకుండా ఆంటీ గురించి చెప్పలేను.

ఆవిడకు ఎడమ చెవి చిన్నప్పుడే జ్వరంలో పోయింది. కుడిది నడివయసులో తగ్గుతూ వచ్చింది. నాకు పరిచయమయ్యేసరికి కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్, పిల్లల గొంతులు, ఈ సన్నని చప్పుళ్లేవీ ఆవిడకు లేవు. బరువైనవి మాత్రం మిగిలాయి. గ్రైండర్ తిరగడం, స్టేషన్లోకి రైలు రావడం, అంకుల్ గొంతు. ఆయన ఏమంటున్నారో తెలిసేది కాదు, అంటున్నది ఆయనేనని తెలిసేది. మాటల కోసం పెదాలు చూసేవారు, అదీ తెలుగు పెదాలైతేనే. "ఈ కివీలు పెదాలు కదపరు, మూట విప్పకుండా బియ్యం అమ్మినట్టు మాట్లాడతారు తల్లీ" అనేవారు.

క్రైస్ట్‌చర్చ్‌లో కూతురికి పుట్టిన పాపకు మాటలొచ్చాయి. వీడియో కాల్‌లో ఆ పిల్ల నోరు తెరిచి మూయడమే ఆంటీకి కనబడేది. ఆపరేషన్ చేసి చెవి లోపల తీగ అమర్చి, బయట పెట్టుకునే మిషన్‌తో వినిపించే కాక్లియర్ ఇంప్లాంట్ మాట అప్పుడే వచ్చింది. డాక్టర్ల ఇంగ్లీషు తెలుగులో చెప్పడానికి హాస్పిటల్‌కి నేను వెళ్లాను. ఎడమ చెవికి శబ్దమంటేనే మరుపు, కాబట్టి చెయ్యాల్సింది కుడిచెవికే. మిగిలిన వినికిడి చెడకుండా మెత్తని సన్నటి తీగను చెవి లోపలికి నెమ్మదిగా జారుస్తామన్నాడు సర్జన్. చాలామందికి నిలుస్తుంది, కొందరికి తర్వాతైనా పోవచ్చు, మాటివ్వలేనన్నాడు.

"పాతది పోకుండా కొత్తది పెట్టమని చెప్పమ్మా ఆయనకి" అన్నారు ఆంటీ. చెప్పాను. "నాకూ అదే కావాలి" అన్నాడతను.

తిరిగొస్తుంటే కారులో అడిగారు. "నువ్వైతే ఏం చేస్తావే?"

ఆవిడ చూసేలా తల తిప్పి, "మీ ఇష్టం ఆంటీ" అన్నాను.

"ఇంత చదువూ చదివి గుమాస్తా జవాబా!" మళ్లీ తనే అన్నారు. "పిల్ల గొంతు వినాలనుంది. ఈయన గొంతు పోతుందేమోనని భయంగా ఉంది. రెంటికీ కలిపి ఒక్క చెవి ఇచ్చాడు దేవుడు."

ఆపరేషన్ బాగా జరిగింది. పాతది నిలిచింది. మిషన్ పెట్టుకుని, మనవరాలి చేత "అమ్మమ్మా" అని పిలిపించుకున్నారు, మళ్లీ మళ్లీ. చివరికి ఆ పిల్ల విసుక్కుని "ఇనఫ్, అమ్మమ్మా!" అంది. "ఇనఫ్ అన్నది కూడా వినబడిందే!" అని మా ఫ్లాట్లలో అందరికీ చెప్పుకున్నారు.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున మా తలుపు తట్టారు. ఇంకా మిషన్ పెట్టుకోలేదు. "మీకు కరెంటుందా? స్విచ్ వేసినా మా గ్రైండర్ తిరగట్లేదు."

గోడ అవతల గ్రైండర్ తిరుగుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఆవిడ వెనక అంకుల్ వచ్చి "ఏమేవ్" అన్నారు. ఆవిడ తల తిప్పలేదు. ఆయన ఇంకోసారి పిలిచారు. నా ముఖం చూసే ఆవిడకు అర్థమైనట్టుంది.

మిగిలిన ఆ కాస్త వినికిడీ పోయిందని, ఎవరి తప్పూ లేదని అన్నారు డాక్టర్లు. మిషన్‌తో మాటలు చక్కగానే తెలిసేవి. ఒకసారి మాత్రం నాతో అన్నారు. "ఈయన మాటలన్నీ వినబడుతున్నాయి. ఈయనే వినబడట్లేదు. వార్తలు చదివేవాడెవడో ఇంట్లో తిరుగుతున్నట్టుంది." మనవరాలి దగ్గర ఈ మాట ఎప్పుడూ రానివ్వలేదు.

అప్పటినుంచి సాయంత్రాలు మిషన్ తీసి పెట్టెలో పెట్టి, అంకుల్ ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. ఆయన ఫోనులో తెలుగు పేపరు పైకి చదివేవారు. "ఇలాగైతే ఈయనే" అనేవారు ఆంటీ. చివరి రోజు హాస్పిటల్లోనూ ఆ చేతిని ఆయన తన ఛాతీకి అదిమిపెట్టుకుని, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారట.

నిన్న సాయంత్రం, పొయ్యి వెలగని ఆ ఇంటికి కాస్త చారు పట్టుకెళ్లాను. అంకుల్ ఒక్కరే కూర్చుని పేపరు పైకి చదువుతున్నారు, ఖాళీ చెయ్యి తన ఛాతీ మీద తనే పెట్టుకుని.

నన్ను చూసి ఆపారు. "వద్దనాల్సిందా అమ్మా మనం?"

"ఇనఫ్" విన్న రోజు ఆవిడ ముఖం గుర్తొచ్చింది. గోడ అవతల గ్రైండరూ గుర్తొచ్చింది.

"తెలియదు అంకుల్" అన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆయన తల ఊపి, ఆపిన వాక్యం దగ్గర్నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టారు.