గురువుగారి ఇంటికి తాళం

పామర్రు పురోహితులు, నాకు వేదమూ పంచాంగమూ నేర్పిన గురువరేణ్యులు, బ్రహ్మశ్రీ శేషావధానులు గారు రెండు వారాల కిందట శివసాయుజ్యం పొందారు. విజయవాడలో ఒక గృహప్రవేశం ముగించి విస్తరి ముందు కూర్చున్నాను, ఫోను వచ్చింది. వారి కుమారుడు మాధవ "అన్నయ్యా, నాన్నగారు..." అని ఆగిపోయాడు. చెయ్యి కడుక్కుని లేచాను. ఎందరి ఆయుర్దాయాలో చూశాను గాని, ఆయనకూ ఒక చివరి రోజు ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. బుద్ధి తక్కువ, ఏం చెప్పను?

ఆయన పాండిత్యం అగాధం. అంతకు మించినది, ఆ పాండిత్యాన్ని ఎవరి ముఖం చూసీ వంచని ధీరత్వం. శాస్త్రంలో ఉన్నది చెప్పడం తన వంతు, పాటించడం మీ ఇష్టం అనేవారు. పాటించని వారిని భయపెట్టిందీ లేదు, ఈసడించిందీ లేదు.

ఒకసారి చల్లపల్లి నుంచి ఒక మిల్లు యజమాని వచ్చి, బెజవాడలో ఫంక్షన్ హాలు దొరికిన తేదీకే కూతురి పెళ్లికి సుముహూర్తం రాసిమ్మన్నాడు. అది మూఢం, పెళ్లిళ్లకు పనికిరాని కాలం. "హాలు ఇచ్చినవాళ్లనే లగ్నం కూడా పెట్టమనండి బాబూ" అని నవ్వి పంపేశారు. తీరా శుభలేఖ వస్తే పెళ్లికి వెళ్లారు, అక్షతలు వేశారు, పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నారు. ఇదేమిటండీ అని నేనడిగితే, "లగ్నం రాయనన్నాను గాని, పిల్లలు చల్లగా ఉండొద్దన్నానట్రా?" అన్నారు.

ఆ నిక్కచ్చితనం నాకూ తగిలింది. విజయవాడలో నేను కొత్తగా పౌరోహిత్యం మొదలుపెట్టిన రోజుల్లో, పేరున్న ఒక ఇంట్లో పెద్దాయన ధనిష్ఠా నక్షత్రంలో పోయారు. ఆ నక్షత్రంలో మరణం సంభవిస్తే ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలని మన ఆచారం. వాళ్లు ఆ ఫ్లాటులో చేరి నెల కాలేదు. వాళ్ల ముఖాలు చూసి, పోయిన వేళను ఒక అరగంట వెనక్కి జరిపి, శ్రవణమేనండీ, ఇబ్బంది లేదు అనేశాను. పైగా పామర్రు వెళ్లి గురువుగారి దగ్గర నా సమయస్ఫూర్తి చెప్పుకున్నాను!

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. ఆ ఇంటి హాల్లో కూర్చుని, పొరపాటు జరిగిందండీ అని నేను మొదలుపెట్టగానే అడ్డుపడ్డారు.

"పొరపాటు కాదండీ, మొహమాటం. ఇప్పుడు నిజం చెబుతాడు, వినండి."

చెప్పాను. వాళ్లు మళ్లీ నన్ను ఏ కార్యానికీ పిలవలేదు. తిరుగు బస్సులో నేను ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చుంటే, గురువుగారు అన్నారు, "నచ్చే మాట కోసం ఒకసారి అబద్ధమాడితే, రేపు నువ్వు భయం లేదని చెప్పినా ఎవరు నమ్ముతార్రా?"

ఈ ఆచారాలను మీరు నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. నేను చెబుతున్నది ఒక మనిషి మాటకున్న విలువ గురించి.

ఆ రోజు పామర్రు చేరి, మాధవ చెప్పిన వేళకు పంచాంగం చూశాను. శ్రవణం వెళ్లి ధనిష్ఠ ప్రవేశించి ఇరవై నిమిషాలు. అమ్మగారు, అంటే గురుపత్ని, ఆ ఇంట అడుగుపెట్టి యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు మోకాళ్లు కదలనివ్వవు. మాధవ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, ఇరవై నిమిషాలే కదా, గడియారం చూసింది తనొక్కడే, ఈ స్థితిలో అమ్మని ఇల్లు ఎలా కదిలించనని బతిమాలాడు. నాకూ సరేననాలనే ఉంది. అనేసేవాణ్ణే. ఇంతలో అమ్మగారు లోపలికి పిలిచారు.

"ఏం నక్షత్రం నాయనా?"

మాధవ నా ముఖం చూస్తున్నాడు. "ధనిష్ఠ, అమ్మగారూ" అన్నాను.

"పిల్లల మీదికి ఏమైనా వస్తుందా?"

"రాదమ్మా. ఇల్లు విడిస్తే చాలు. ఇంకే భయమూ లేదు."

"నువ్వు చెప్పావుగా. నమ్ముతాను" అని, మాధవను పెట్టె సర్దమన్నారు.

అదే వీధిలో రెండిళ్ల అవతల ఒక వాటా దొరికింది. కర్మకాండ ముగిశాక గురువుగారి ఇంటికి తాళం వేసింది నేనే. వేసి, గడప ముందు సాష్టాంగపడ్డాను. ఆ మహనీయుని స్థానంలో కూర్చోగలవాడు ఈ కృష్ణాతీరాన నాకు కనబడడు. ఆయన నేర్పిన మాట ఒక్కటి ఆయన ఇంట్లోనే నిలబెట్టుకున్నాను, అంతే నా గురుదక్షిణ. ఆరు నెలలయ్యాక ఆ తలుపు మళ్లీ తీస్తాం. "ఎవర్రా, నువ్వేనా?" అని లోపలి నుంచి అడిగే గొంతు మాత్రం ఉండదు.