ఉడుంపట్టు

కొరాపుట్ నుంచి రాయగడ వస్తుంటే మా రైలు సొరంగంలో ఆగిపోయింది. బోగీ నిండా ఉక్క. పాపకు ఆయాసం ఈమధ్యనే తగ్గింది. మళ్లీ ఊపిరందదేమోనన్న భయంతో దాన్ని గుండెకు అదుముకుని కూర్చున్నాను. ఎంత అదిమినా ఏడుపు ఆపదు.

ఎదురు సీట్లో జేకేపూర్ వెళ్లే మామ్మ ఒకావిడ, ఫోనులో దాచుకున్న పాత రెజ్లింగ్ ఆట చూస్తోంది.

"ఇప్పటోళ్లది ఉత్త గెంతులాట అమ్మీ. ఈ పాతోళ్లని సూడు, ఉడుంపట్టు పట్టేరంటే ఇడవరు," అంటూ ఫోను నావైపు తిప్పింది. ఒక భారీ మనిషి ఇంకొకణ్ణి నడుం చుట్టూ వాటేసి నొక్కేస్తున్నాడు.

"అదంతా నటనే కదా మామ్మా?" అన్నాను చిరాగ్గా.

"అయితే నువ్వెళ్లి ఓపాలి నలిగి రా!" అని పకపకా నవ్వింది. తర్వాత పాపకేసి చూసింది. "నలిగినోడి కంటే పట్టినోడికే ముందు సేతులు పడిపోతాయి. నీ పట్టు కొంచిం ఒదులమ్మీ, పిల్లకి గాలాడనీ."

చేతులు సడలించాను. పాప పెద్ద ఊపిరి తీసి, ఆ ఫోను కోసం చెయ్యి చాపింది. రైలు కదిలేలోపు మామ్మ దానికి ఇంకో రెండు ఆటలు చూపించింది.

ఇందాక ఇంట్లో పాప నిద్రలో దగ్గింది. వెంటనే ఎత్తుకున్నాను, కాస్త వదులుగానే.