ఒక ఇంట్లో ఆరు వాటాలు

మేష్టారు పోయారన్న కబురు నాకు సోమవారం పొద్దున్న, విశాఖపట్నంలో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే తెలిసింది. ఫోన్ చేసింది అమ్మగారే, అంటే మేష్టారి భార్య. "కాఫీ కలిపి లేపడానికి ఎల్తే లెగలేదమ్మా. నిద్దట్లోనే ఎల్లిపోయారు" అన్నారు. ఆవిడ గొంతు వణకలేదు. నేను ఎక్కిన మెట్లు దిగి, టెక్కలి బస్సు పట్టుకున్నాను.

ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాయమని ఎవరూ అడగలేదు. నేనే రాస్తున్నాను, ఒక లెక్క సరిచేయడానికి. మా ఊరు భావనపాడులో ఇప్పటికీ కొందరు మేష్టారు చేశారనుకునే తప్పు ఒకటుంది. అది ఆయన చేయలేదు. నేను చేశాను. ఆయన బతికుండగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మేష్టారిది చీపురుపల్లి. బజారులో బెల్లం, పప్పులు అమ్మే వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి, కొట్టు మీద కూర్చోనని మొండికేసి చదువుకున్నారు. టెక్కలిలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక నౌపడ దగ్గర రోడ్డు మీద ఒక గది తీసుకున్నారు. బోర్డు మీద జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు అని రాయించారు. మా భావనపాడు నుంచి వేటకెళ్ళేవాళ్ళు ఆ గది గుమ్మం ఎక్కింది మాత్రం దరఖాస్తుల కోసం కాదు, జీపీఎస్‌ల కోసం.

వేట సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. సముద్రం పైకి అంతా ఒకలాగే ఉంటుంది గానీ అడుగున ఒకచోట రాళ్ళుంటాయి, ఒకచోట బురద ఉంటుంది. ఏ రాళ్ళ దగ్గర చేప నిలుస్తుందో, ఎక్కడ వల చిరుగుతుందో ఏళ్ళ తరబడి తిరిగితే గానీ తెలియదు. పూర్వం ఒడ్డున కొండనీ తాటితోపునీ చూసి గురుతు పెట్టుకునేవారు. తర్వాత అరచేతిలో పట్టే జీపీఎస్‌లొచ్చాయి. దొరికిన చోటునల్లా అందులో పాయింటుగా దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ పాయింట్లు మావాళ్ళు ఎవరికీ చెప్పరు. పిల్లనిచ్చిన మావకీ చెప్పరు, తోడబుట్టినవాడికీ చెప్పరు. ఒకే పళ్ళెంలో తిని లేచిన అన్నదమ్ములు ఇసకలోకి దిగాక ఒకడి పాయింటు ఒకడిని అడగరు.

చిక్కెక్కడొచ్చిందంటే, ఆ పాత జీపీఎస్‌ల లోంచి పాయింట్లు బయటికి తీసే ప్రోగ్రాం పాత విండోస్‌లో తప్ప నడవదు. ఆ విండోస్ ఉన్న పాత కంప్యూటర్లేమో ఉప్పుగాలికి తుప్పుపట్టి ఒక్కొక్కటే మూలపడ్డాయి. కొత్త కంప్యూటర్లలో ఆ విండోస్ ఎక్కదు. జీపీఎస్ ఒకసారి నీళ్ళలో పడిందంటే పదేళ్ళ వేట దానితోపాటే పోయినట్టు. అలాంటి రోజుల్లో మేష్టారు తన కొత్త కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్ని నడిపించి చూపించారు. పైన లినక్సు, దాని లోపల కిటికీ అంత పెట్టెలో పాత విండోస్. ఆ పాత విండోస్‌కి తాను ఇంకొకడి కడుపులో ఉన్నానని తెలియదు. తనకే సొంత మెమొరీ, సొంత డిస్కు ఉన్నాయనుకుని దర్జాగా నడుస్తుంది.

ఆరు పడవలవాళ్ళు వచ్చారు. ఆరుగురికీ ఆరు వేరువేరు మెషిన్లు తయారుచేశారు, ఆ ఒక్క కంప్యూటర్లోనే. అదేంటో వాళ్ళకి చెప్పాలిగా. కుర్చీ వెనక్కి జరుపుకుని అన్నారు: "ఇది ఒకటే ఇల్లర్రా. లోపల ఆరు వాటాలు. ఒక వాటాలో పొయ్యెలిగిస్తే పక్క వాటాకి పొగ రాదు. తాళం మీ సేతిలో ఉంతాది. నాను ఇంటోణ్ణి. అద్దె అడగను, తొంగి సూడను."

అన్నట్టే పాస్‌వర్డు ఎవరిది వాళ్ళే పెట్టుకున్నారు. మెషిన్లకి మనుషుల పేర్లు పెడితే తెరమీద చూసి ఎవరిది ఏదో పోల్చుకుంటారని, కూరగాయల పేర్లు పెట్టారు. మా నాన్నది దొండకాయ. మా మావది ఆనపకాయ. మావ అంటే మా అమ్మకి పెద్దన్న, ఆరు పడవల్లోకీ పాయింట్లు ఎక్కువున్నవాడు. "ఆనపకాయేటి మేష్టారూ, సొరసేపని ఎట్టండి" అని ఆయన గోల. మేష్టారు శాకాహారి. సేప పేరు నా కంప్యూటర్లో పెట్టనని పట్టుబట్టారు. వీళ్ళు అభిమానం పట్టలేక ఎప్పుడూ చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టేవారు. ఆయన ముక్కుకి తువ్వాలు కట్టుకుని, "ఒరే, నా మీద పేముంటే రెండు బెండకాయలు తెండిరా" అని బతిమాలుకునేవారు. ఆ చేపలు పక్కనున్న టీకొట్టు ఆవిడ ఇంటికి పోయేవి. మేష్టారు చల్లగా ఉండాలని నిజంగా కోరుకున్న మనిషి ఆవిడే అనుకుంటాను.

డిగ్రీ అయిపోయి, ఇంట్లో కూర్చుని అందరి మీదా కసురుకుంటున్న రోజుల్లో నేను ఆయన దగ్గర పనికి కుదిరాను. నాకు మెషిన్ని ముట్టుకోవాలంటే భయం. ఆయన నాకు కాకరకాయ అని ఏడో మెషిన్ ఒకటి చేసిచ్చి, "దీన్ని పాడుసెయ్యే గుంటా, సాయంత్రానికి పూర్తిగా పాడవ్వాల" అన్నారు. నాకు రాదన్న భయం లేకుండా పాడుచేశాను. ఆయన ఒక్క బటన్ నొక్కేసరికి అది పొద్దుటి స్థితికి వచ్చేసింది. పని మొదలుపెట్టే ముందు మెషిన్‌కి ఒక ఫొటోలాంటిది తీసి దాచడం, చెడితే అక్కడికే వెళ్ళిపోవడం. "బయట పెపంచకంలో ఈ సదుపాయం లేదు. ఉన్న సోటన్నా వాడుకో" అనేవారు. ఈరోజు నేను ఉద్యోగంలో చేసేది ఈ పనే, కాకపోతే ఆరుకి బదులు కొన్ని వందలు.

ఇక నా నిర్వాకం.

ఒకసారి ఆరు మెషిన్లలోనూ ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించాల్సొచ్చింది. మేష్టారు పెళ్ళికని గజపతినగరం వెళ్ళారు. ఒక్కొక్క మెషిన్‌కీ విడివిడిగా ఎక్కించమని చెప్పి వెళ్ళారు. నాకు తెలివితేటలు ఎక్కువ కదా. ఆరింటికీ కలిపి ఒక ఉమ్మడి ఫోల్డరు పెట్టి, పది నిమిషాల్లో పని తేల్చేశాను. తర్వాత ఆ ఫోల్డర్ మూయడం మర్చిపోయాను. అంటే ఆరు వాటాలకీ మధ్య గోడలో తలుపు కొట్టి, తెరిచి వదిలేశాను.

ఆ మధ్యాహ్నం మావ వచ్చి తన పాయింట్లు దాచుకున్నాడు. కొత్తగా ఎక్కించిన ప్రోగ్రాం వాటిని ఆ ఉమ్మడి ఫోల్డర్లోనే పడేసింది. మర్నాడు మా నాన్న వచ్చి తన జీపీఎస్‌లోకి ఎక్కించుకున్నాడు. ఎక్కినవి మావ పాయింట్లు.

మా నాన్నకి తెలియలేదా అంటే, తెలిసింది. తను పెట్టని గురుతులు తెరమీద కనపడితే ఎవరికి తెలియదు? కానీ అన్నం ముద్ద నోటిదాకా వచ్చాక ఎవరిదని అడిగేంత పెద్దమనిషి కాదు మా నాన్న. వెళ్ళాడు. పడవ నిండా కోనం చేపలు తెచ్చాడు. రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడ మావ పడవ ఎదురైంది.

మావ మర్నాడు పొద్దున్నే గదికొచ్చాడు. వెనక ఇంకో నలుగురు పడవలవాళ్ళు. అప్పటికి మేష్టారు ఊరినుంచి వచ్చి, ఫోల్డర్ చూసి, సంగతి గ్రహించి ఉన్నారు. నేను మూల నిలబడి ఏడుస్తూ, "మెషిన్ని మొన్నటికి తీసుకెళ్ళిపోదాం మేష్టారూ" అంటున్నాను.

"మిసన్ని తీసుకెల్లగలను. మీ మావని తీసుకెల్లలేను గదే" అన్నారు.

మావ గుమ్మంలోంచే అడిగాడు. "నా పాయింట్లు దీని నాయనకెలాగెల్లాయి? ఎవులిచ్చారు?"

అందరి కళ్ళూ నా మీదున్నాయి. దొండకాయ కూతుర్ని మరి. తండ్రి కోసం దొంగిలించిందనడానికి ఇంకేం కావాలి? అది ఒకసారి ఊళ్ళో పుట్టిందంటే మా నాన్న పడవ లాగడానికి ఎవరూ చెయ్యి వెయ్యరు, నన్ను ఎవరూ ఏ కంప్యూటర్ దగ్గరికీ రానివ్వరు. నేను నోరు తెరిచేలోగా మేష్టారు లేచి నిలబడ్డారు. "నానే ఇచ్చాను. ఊరెల్లే తొందర్లో తలుపు మూయడం మర్సిపోయాను. తప్పు నాది."

మావ గుమ్మం దిగి వెనక్కి తిరిగాడు. "మీరు గాబట్టి ఊరుకుంతన్నాను. ఇంకోడైతే సేతులిరిసేద్దును" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. మిగతావాళ్ళలోనూ ముగ్గురు మానేశారు. తొంగి చూడనని చెప్పిన మనిషి వాటాలు కలిపేశాడని ఊళ్ళో మాట నిలిచిపోయింది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి సంపాదించుకున్న పేరు అది, నా పది నిమిషాల తెలివికి పోయింది.

ఆ సాయంత్రం నిజం చెప్పేస్తానని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. "నాకు అరవై దాటిపోయాయి, ఈ మాట మోసుకుని ఎంత దూరమెల్తాను? నీకు ఇరవయ్యొకటి. నీకది సానా దూరం" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం నాకు హాయిగా కూడా ఉంది, అదీ చెప్పాలి. ఏడాదిలో నాకు విశాఖలో ఉద్యోగం వచ్చింది.

ఆయనకి అది తేలిగ్గా ఏం పోలేదు. టీకొట్టు దగ్గర మావ ఎదురుపడి మొహం తిప్పుకున్న రోజు టీ సగంలో వదిలేసి వచ్చేవారట. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఏదో మాటల్లో అడిగినట్టు అడిగేవారు, "మీ మావ బాగున్నాడా?" అని. ఆనపకాయ మెషిన్ని తీసెయ్యలేదు. డిస్కు నిండిపోయి మొరాయించినా, తన ఫైళ్ళు తీసేసుకున్నారు గానీ దాన్ని ముట్టుకోలేదు. "ఖాళీ సెయ్యమని ఆడు సెప్పలేదు గదా" అన్నారు.

సోమవారం నేను వెళ్ళేసరికి ఇంటి నిండా జనం. ఆయన పాఠం చెప్పిన పిల్లలు, పిల్లల పిల్లలు. దహనం అయిపోయాక చూస్తే, రోడ్డుకి అవతల వేపచెట్టు కింద మావ ఒక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూలేదు. నేను దగ్గరికెళ్ళాను. నాలుగేళ్ళుగా దాచిన మాట అక్కడే మట్టిలో కూర్చుని చెప్పాను.

"మీ నాయన సేయించాడేటి?" అన్నాడు ముందు.

"లేదు మావా. నాకు పొగరెక్కి నేను చేశాను. ఆయన నన్ను కాశారు."

మావ కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "మొన్న సుక్కోరం ఎదురొచ్చారే. బాగున్నావా అని అడగబోతన్నట్టు నన్నే సూసి నవ్వేరు. నాను మొకం తిప్పేసుకున్నాను. సచ్చిపోయే మనిసి నవ్వితే మొకం తిప్పేసుకున్నాను గదే గుంటా" అన్నాడు. ఆయనా నా పక్కనే మట్టిలో కూలబడ్డాడు.

మూడోరోజు అస్థికలు వంశధారలో కలుపుదామని మేష్టారి తమ్ముడుగారు అన్నారు. అప్పుడు మావ మొదటిసారి ఆ ఇంటి లోపలికొచ్చి, అమ్మగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా పడవలో తీసుకెల్తానమ్మా. మంచి సోటుంది. మా నాయన నాకు సూపించాడు. నాను నా కొడుక్కి కూడా సెప్పలేదు. అక్కడ దింపుతాను" అన్నాడు.

అమ్మగారు ఏడుస్తూనే నవ్వారు. "జన్మంతా సేప వాసన పడని మనిసి. ఆ సేపల మజ్జికే తీసుకెల్తావా నాయనా? తీసుకెల్లు" అన్నారు.

బుధవారం పొద్దున్న భావనపాడు ఒడ్డున ఆరు పడవలవాళ్ళూ ఉన్నారు. పడవలో మావ, కుండ ఒళ్ళో పెట్టుకుని తమ్ముడుగారు, అంతే. మావ జీపీఎస్ తీసుకెళ్ళలేదు. పడవ ముందు తిన్నగా వెళ్ళింది. ఎవరి చోటుకి వాళ్ళు వెళ్ళేటప్పుడు ఒడ్డుకి కనపడనంత దూరం పోయాకే పడవ తిప్పుతారు మావాళ్ళు. ఆరోజు మంచు లేక ఆకాశం మరీ తేటగా ఉండి, పడవ ఎంతకీ కనుమరుగవలేదు. ఇంకాసేపుంటే ఎటు తిరిగిందో ఒడ్డున ఉన్న అందరికీ తెలిసిపోయేలా ఉంది.

నా పక్కన మా నాన్న ఉన్నాడు. ఆయన కళ్ళు అలవాటుగా పడవ వెంటే పోతున్నాయి. ఉన్నట్టుండి ఆయన సముద్రానికి వీపు పెట్టి, ఊరివైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పక్కనున్నవాడు తిరిగాడు. ఒక్కొక్కరే అందరూ తిరిగారు.