ముద్దనూరు స్టేషన్లో విన్న సాక్ష్యం

ఎవరైనా కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటాను.

ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన కరువు ఏడాది అది. ముద్దనూరు స్టేషన్లో కడప బండి కోసం కూర్చున్నాను. పక్కన ఒక ముసలామె పసిబిడ్డ బొంతను మడిచి ఒళ్లో పెట్టుకుంది. బిడ్డ మాత్రం లేడు. కోడలు నీళ్లకు పోయిందని చెప్పి, నేనడక్కుండానే తన సంగతి మొదలుపెట్టింది.

"మా ఏసుసామి గుడిలో ప్రార్థన అయినాక అందరమూ కండ్లు మూసుకోని కూచుంటామప్పా. అప్పుడు దేవుడు లోపల మాట్లాడతాడంట. ఏం సెప్పినాడో ఒక్కొక్కరే లేసి సాక్ష్యం సెప్పల్ల. నాకు ఇన్నేండ్లలో ఒక్క మాటా ఇనపళ్లేదు. ఊరకుంటే భక్తి లేదంటారని, నేనూ లేసి ఏదో ఒకటి సెప్తాంటి."

బొంత అంచు సర్దుకుంది.

"పోయిన ఆదివారం మనవడికి జరం. తగ్గిపోతాది, యాడికీ తీస్కపోవద్దని దేవుడన్నాడని సెప్పినా. నా కోడలు నమ్మింది. మొన్న ఆస్పత్రికి తెస్తే, శానా ఆలిస్యం చేసినారన్నారు. ఆడనే పూడ్సిపెట్టినాం."

"నువ్వు అబద్ధం చెప్పినట్టు ఆమెకు తెలుసా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

కోడలు చెంబుతో వచ్చి మా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అత్తా, బిడ్డ గురించి దేవుడేమన్నా సెప్పినాడా?"

ముసలామె కళ్లు మూసుకుంది. ఇప్పుడైనా నిజం చెబుతుందనుకున్నాను.

"ఆయన కాడ నిద్రపోతాండాడంట," అంది.

కోడలు బొంత వైపు చూసింది.

"వానికి ఆ బొంత లేకుంటే నిద్ర పట్టదు కదత్తా."