నీవెస్ లజాన్యలో ఎన్ని క్యాలరీలు

ఇటలీలో మోడెనాకు దక్షిణాన, మైదానం అయిపోయి కొండలు మొదలయ్యే చోట, నేలకు పరిచే పలకల ఫ్యాక్టరీలున్న మా ఊళ్ళో ఓర్ఫెయో హోటల్ ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. నీవెస్ హోటల్ అంటే చిన్నపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు. హోటల్ మాత్రం ఓర్ఫెయో గెదీనిదే. బోర్డు మీద పేరు ఆయనది, బల్లల మధ్య పళ్ళేలు పట్టుకుని తిరిగేదీ ఆయనే. నీవెస్ మలగూతి వంటగదిలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా గురువారం, ఆదివారం అక్కడ లజాన్య చేసింది ఆవిడే.

పాలకూర రుబ్బి కలిపిన పచ్చటి పిండిని నిలువెత్తు కర్రతో పేపరులా వత్తేది. రేకు మీద రేకు, ఏడు పొరలు. నడుమ నడుమ నాలుగు గంటలు సన్నసెగన ఉడికిన మాంసం కూర, వెన్నా మైదా పాలూ కాచిన చిక్కటి తెల్లటి సాసు, తురిమిన చీజ్. ఇదంతా మా ఊళ్ళో ఏ ఇల్లాలైనా చేస్తుంది. నీవెస్ ప్రత్యేకత ముక్క కోయడంలో ఉంది. ఆ కత్తిని ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. వంటగదికీ హాలుకీ మధ్య ఒక కిటికీ ఉండేది. కొత్తగా వచ్చి కూర్చున్న మనిషిని అందులోంచి ఒకసారి చూసేది, తర్వాత కోసేది.

బట్టీ దగ్గర ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాడికి ఒక ముక్క. బ్యాంకులో కూర్చుని వచ్చినవాడికి దానిలో ముప్పాతిక. కడుపుతో ఉన్న ఆడదానికి నడిమధ్య మెత్తటిది. పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడికి మూలముక్క. మూల కరకరలాడుతుంది, నమలడానికి పని ఉంటుంది, కోపం దిగుతుంది. పెట్టేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటే అంటారు గానీ, నీవెస్ దగ్గర మనవాడూ పరాయివాడూ లేదు. మొహాన్ని బట్టే ముక్క. ఎందుకు తక్కువేశావని ఎవరూ అడిగేవారు కాదు. ఒకసారి ఊరి సర్వేయరు అడిగితే, "నీ బెల్టునడుగు" అంది.

ఈ విద్య ఆవిడకు నాయనమ్మ దగ్గర అబ్బింది. పందొమ్మిదిమంది ఉన్న కౌలు కుటుంబంలో పుట్టింది నీవెస్. మొక్కజొన్న పిండి ఉడికించి బల్ల మీద బోర్లించి, దారంతో కోసి పంచేది నాయనమ్మ. దున్నినవాడికి ఎంత, జ్వరం నుంచి లేచినవాడికి ఎంత, ఊరికే తిరిగొచ్చినవాడికి ఎంత అన్నది ఎవరినీ అడిగేది కాదు. "నోరు అబద్ధమాడుతుందే పిల్లా, చెంపలు ఆడవు" అనేదట.

ఆ మాట ఒక్కచోట తప్పింది. నీవెస్ భర్త వాల్టర్ పలకల లారీ నడిపేవాడు. యాభై ఒకటో ఏట సన్నబడటం మొదలుపెట్టాడు. అతను సన్నబడుతున్నకొద్దీ ఆవిడ ముక్క పెంచింది. ముక్క పెరుగుతున్నకొద్దీ అతను ఇంకా సన్నబడ్డాడు. రెండేళ్ళు ఇలాగే సాగాక లారీలోనే కళ్ళు తిరిగి పడిపోతే, అప్పుడు తేలింది షుగరని. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు, చివరి ఏడాది ఒక పాదం లేకుండా. బుధవారం ఖననమైంది. గురువారం నీవెస్ వచ్చి పిండి కలిపింది. ఓర్ఫెయో వద్దనబోయి, ఆ కర్ర పట్టుకున్న తీరు చూసి ఊరుకున్నాడు. వాల్టర్ సంగతి ఆవిడ ఆ తర్వాత హోటల్లో ఎత్తలేదు.

రెండువేల తొమ్మిదిలో ఒక పెద్ద ఫ్యాక్టరీవాళ్ళు మా ఊరి హోటళ్ళలో మధ్యాహ్నం భోజనానికి పనివాళ్ళకి చీటీలు ఇవ్వాలనుకున్నారు. ఆ ఏడాది అక్కడ ముగ్గురికి గుండెపోటు వచ్చింది. అందుకని ఒక షరతు పెట్టారు. ప్రతి వంటకం పక్కనా ఎన్ని క్యాలరీలు, ఎంత కొవ్వు, ఎంత ఉప్పు అని ఒక అట్ట ఉండాలి. ఆ లెక్క ఆరోగ్య కార్యాలయంవాళ్ళు కట్టాలి. ముందే చెబితే వంటవాళ్ళు చెయ్యి మారుస్తారని, వాళ్ళు మామూలు గిరాకీల్లా వచ్చి నమూనాలు తీసుకుపోయేవారు.

అలా ఒక గురువారం కొర్రాదో ఫ్రిన్యానీ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. ముప్పై ఒక్కేళ్ళు. ఆరడుగుల మనిషి, తూస్తే ఒక బస్తా పిండికి అటూ ఇటూ. చొక్కా కాలరులో మెడ గంటలో నాలుకలా ఆడుతోంది. లజాన్య ఒకటి పార్సిల్ అని చెప్పి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఓర్ఫెయో, ఆ అబ్బాయెవరు?" అంది నీవెస్ కిటికీలోంచి.

"తెలీదక్కా. పార్సిలడిగాడు."

"ఇక్కడ తినడా?"

"తినడట. రొట్టె పెట్టినా ముట్టుకోలేదు."

"సిగ్గుపడుతున్నాడు" అని కత్తి తీసింది.

పై వారం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పార్సిలే. వారం క్రితం అంత పెట్టినా చెంపలు అక్కడే ఉన్నాయి. "ఇంట్లో ఎవరో ఉన్నారోయ్. పంచుకు తింటున్నారు" అని ఇద్దరికి సరిపడా కోసింది. మూడో వారం ఇంకా పీలగా కనిపించాడు. ఆ రోజు ఆవిడ చేతిలో కత్తి ఎక్కడ ఆగిందో ఓర్ఫెయో చూడలేదు గానీ, పెట్టె మూత పడక దారం కట్టి ఇవ్వాల్సి వచ్చింది.

నెల తిరక్కుండా కాగితం వచ్చింది. మొదటి నమూనా వెయ్యీ పది క్యాలరీలు. రెండోది పన్నెండు వందల నలభై. మూడోది పదిహేను వందల పది. సగటున ఒక్క వడ్డనలో మనిషికి రోజంతటికీ సరిపడే కొవ్వు ఉంది. జిల్లాలో పరీక్షించిన నలభై హోటళ్ళలో ఇదే మొదటి స్థానం. కింద గమనిక: "మూడో నమూనాకు మూత పడలేదు."

ఓర్ఫెయోకి మొదటి స్థానం అన్న ముక్క చదవగానే కాస్త గర్వమే కలిగింది. తర్వాత మిగతాది చదివాడు. ఇది తప్పు, మళ్ళీ కొలవండని అర్జీ పెట్టుకున్నాడు. నీవెస్‌కి చెప్పలేదు. చెబితే ఆవిడ ఏ మనిషిని చూసినా డాక్టరేననుకుంటుందని ఆయన భయం.

రెండోసారి వేరే మనిషిని పంపారు. ఉగొలీనీ అనే పెద్ద డాక్టరు. గుమ్మానికి రెండే మెట్లు. రెండో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకున్నాడు. కూర్చుంటే కుర్చీ ఏదో అంది. ఆయన కూడా లజాన్య పార్సిలడిగాడు. నీవెస్ కిటికీలోంచి చాలాసేపు చూసింది. పోస్టుకార్డంత ముక్క కోసింది. రెండో వారం అందులో సగం కోసి, పక్కన ఉడికించిన చేదు ఆకుకూర పెట్టింది. మూడో వారం ఆయన మొహం ఎర్రగా ఉంది.

"లజాన్య అయిపోయిందని చెప్పు" అంది.

"అక్కా, పళ్ళెం నిండా ఉంది!"

"ఆయనకి అయిపోయింది. ఈ కోడి చారు ఇయ్యి. వేడిగా తాగమను."

ఉగొలీనీ ఉద్యోగంలో నిక్కచ్చి మనిషి. ఇచ్చింది ఇచ్చినట్టు పంపాడు. కాగితంలో ఇలా వచ్చింది: మొదటి నమూనా మూడు వందల నలభై. రెండోది రెండు వందల డెబ్భై. మూడోది అరవై, లజాన్యకు బదులు కోడి చారు.

కార్యాలయంలో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకు చూశారు. ఒకే హోటల్, ఒకే వంటకం. ఈ హోటల్‌కి రెండు వంటగదులున్నాయా అన్న అనుమానం వచ్చింది. హోటల్ మూసి ఉండే ఒక మంగళవారం పొద్దున్న డాక్టర్లిద్దరూ కలిసి వచ్చారు. నీవెస్‌ని ఇంటి నుంచి పిలిపించారు. ఆవిడ వచ్చి, ఇద్దరినీ చూసి, "అయ్యో, మీరిద్దరూ స్నేహితులా? అలాగైతే ఇతనికి కాస్త తిండి నేర్పవయ్యా. నువ్వు కాస్త మానెయ్యి" అంది.

ఓర్ఫెయో తల పట్టుకున్నాడు. ఉగొలీనీ కాగితాలు బల్ల మీద పరిచాడు.

"అమ్మా, ఈ పదిహేను వందల పది ఎవరు కోశారు?"

"నేనే."

"ఈ రెండు వందల డెబ్భై?"

"అదీ నేనే."

"తేడా ఎందుకొచ్చింది?"

నీవెస్ ఆయన వంకా, పక్కనున్న కుర్రాడి వంకా చూసింది. తేడా ఎదురుగా కూర్చుని ఉండగా మళ్ళీ అడగడమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. "మెట్ల మీద ఆయాసపడ్డావు కదయ్యా" అంది.

ఉగొలీనీ ఏదో రాయబోయి రాయలేదు. ఫ్రిన్యానీ నవ్వు ఆపుకోవడానికి కిందికి చూశాడు. నీవెస్ అతని వైపు తిరిగింది.

"నవ్వుతావేం నాయనా? మూడు వారాలు అంతంత పెట్టాను. ఒంట్లో చేరలేదే! ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కణ్ణేనమ్మా."

"మరి ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు. ప్రయోగశాలకి పంపాం. అక్కడ మెత్తగా రుబ్బి, ఎండబెట్టి, యంత్రంలో కాలుస్తారు. ఎంత వేడి పుడితే అన్ని క్యాలరీలు."



"మూడు వారాలు నేను యంత్రానికి పెట్టానా?"

"అవునమ్మా."

"ఒక్క ముక్కైనా రుచి చూడలేదా?"

"నేను గోధుమ తినకూడదమ్మా. పుట్టుకతోనే పడదు. తింటే పేగులు పాడవుతాయి. అందుకే ఇలా ఉన్నాను" అని తన వేళ్ళు తనే చూసుకున్నాడు. "నిజానికి నేను లజాన్య ఎప్పుడూ తినలేదు."

మా ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు ఆ మాట అనడం ఓర్ఫెయో అంతకుముందు వినలేదు. చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టేశాడు. నీవెస్ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. హోటల్లో ఆవిడ కుర్చీలో కూర్చోగా చూడటం కూడా ఓర్ఫెయోకి అదే మొదలు. మనిషి సన్నగా ఉన్నాడని ఇంకాస్త, ఇంకాస్త అని కోసింది. తినే ఉంటే? ఆవిడకు ఏం గుర్తొచ్చిందో ఓర్ఫెయోకి తెలుసు. మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు.

"మా ఆయనా సన్నగానే ఉండేవాడు" అంది చివరికి.

తీర్పు ఆ పూటే రాశారు. ఫ్యాక్టరీ చీటీ తెచ్చినవాడికి కొలతకు చేసిన ఇనుప చట్రం ఒత్తి కోసిన ముక్కే ఇవ్వాలి: మూడు వందల పది గ్రాములు, ఐదు వందల అరవై క్యాలరీలు. అట్ట గోడకు వేలాడదీశారు. నీవెస్ మారుమాట్లాడకుండా చట్రం తీసుకుంది. మూడు వందల పదంటే మూడు వందల పదే. రెండు గ్రాములు ఎక్కువైతే అంచు చెక్కి పక్కన పెట్టేది. బట్టీ పనివాళ్ళు ఖాళీ పళ్ళేల వంక చూసుకుని, వారం తిరిగేసరికి చీటీలు ఇంకో హోటల్‌కి పట్టుకుపోయి, గురువారం మాత్రం చీటీ లేకుండా ఇక్కడికి రావడం మొదలుపెట్టారు.

చీటీ లేనివాళ్ళకి మొహం చూసే కోయాలి. కానీ ఇప్పుడు ఆవిడ చూపు మీద ఆవిడకే నమ్మకం చెడింది. అందుకని అడగడం మొదలుపెట్టింది. కిటికీలోంచే, గట్టిగా.

"మూడో బల్లాయనా! షుగరుందా?"

"లేదక్కా!"

"రక్తం ఎప్పుడు చూపించుకున్నావు?"

మొదట్లో జనం సిగ్గుపడ్డారు. ఏడాది తిరిగేసరికి ఎవరి పిత్తాశయంలో ఎన్ని రాళ్ళున్నాయో ఊరందరికీ తెలిసిపోయింది. లాయరుగారి మూలవ్యాధి సంగతి వాళ్ళావిడకి ఆదివారం ఆ హోటల్లోనే తెలిసింది. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. బట్టీలో చేసే ఒకతను ఆవిడ పోరు పడలేక రక్తం చూపించుకుంటే షుగరు బయటపడింది. మందులు మొదలుపెట్టాడు. ఆవిడకి థాంక్స్ చెప్పలేదు. అతని ముక్క అప్పటినుంచి సగమైంది మరి.

ఇక ఫ్రిన్యానీ. హోటల్ మూసి ఉండే మంగళవారాలు అతనికి పడే లజాన్య చేసిపెడతాను రమ్మంది నీవెస్. హోటల్ వంటగదిలో గాలిలో కూడా గోధుమ పిండే కాబట్టి, అతనికి చేసేది తన ఇంట్లోనే చేయాలనుకుంది నీవెస్. కొత్త పళ్ళెం కొంది. కొత్త బల్ల కొంది. యాభై ఏళ్ళ గోధుమ పీల్చుకున్న పాత కర్ర పనికిరాదని కొత్త కర్ర కూడా కొంది. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, గుడ్లు, పాలకూర. వత్తితే విరిగిపోయేది. విరక్కపోతే పొయ్యిలో కరిగిపోయేది. అతను మొదటి మంగళవారం వచ్చి బల్ల ముందు కూర్చుంటే, గిన్నెలో గరిటెతో వడ్డించింది. ఎదురుగా నిలబడి చూసింది. అతను తిన్నాడు.

"ఎలా ఉంది?"

డాక్టరు అబద్ధం చెప్పాలా వద్దా అని కాస్త ఆలోచించాడు. "జావలా ఉందమ్మా."

"జావే. నాకు తెలీదూ? నిజం చెప్తావా లేదా అని చూశాను."

డిసెంబరు దాకా జావే. క్రిస్మస్ ముందు నాలుగు పొరలు నిలబడ్డాయి గానీ ఇంటికప్పు రేకుల్లా గట్టిగా ఉన్నాయి. మార్చిలో ఒక మంగళవారం ఆరు పొరలు ముక్కగా కోసినా కదలకుండా నిలబడ్డాయి. ఏడో పొర వేయలేదు, అది పెళుసు. ఫ్రిన్యానీ తిని, మళ్ళీ పెట్టమని పళ్ళెం జరిపాడు. నీవెస్ కత్తి పట్టుకుని, అతన్ని ఒకసారి చూసి, "ఎంత?" అని అడిగింది. అంతకుముందు ఆవిడ ఎవరినీ ఎంత అని అడగలేదు.

"మీ ఇష్టం" అన్నాడతను.

"నా ఇష్టం కాదు. నువ్వే చెప్పు."

అతను రెండు వేళ్ళతో ఇంత అని చూపించాడు. ఆవిడ సరిగ్గా అంతే కోసింది, ఎంత కష్టమనిపించినా. ఆ ముక్కలో ఎన్ని క్యాలరీలో ఇద్దరూ కొలవలేదు. జూన్ కల్లా అతను రెండు కిలోలు పెరిగాడు. కార్యాలయంలో మంచి త్రాసు ఉంది కాబట్టి ఆ లెక్క నమ్మదగ్గదే.