గట్టి క్లచ్

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే కారు మొండికేసింది. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, చక్రాలు మాత్రం మాకేం సంబంధం అన్నట్టున్నాయి. వెనక లారీవాడు హారను మీది నుంచి చెయ్యి తీయడం లేదు. వాన పడుతోంది కాబట్టి అద్దాలు దించే వీలు కూడా లేదు. రెండే సీట్లున్న ఆ కారులో నడుపుతున్న మా ఆయనా, పక్కన నేనూ కాలిన వాసన పీలుస్తూ, ఎలాగో బ్రిడ్జి దిగి పక్కన ఆపుకున్నాం. ఈ ఆటబొమ్మ మనకొద్దని మొత్తుకున్నా విన్నావా అని అక్కడే మొదలుపెట్టాను. నా నోరు అంతే, సమయం చూసుకోదు.

మా ఆయన రైలింజను నడిపిన మనిషి. షుగరు ముదిరి వైద్య పరీక్షలో తప్పాక, ఇంజను మీంచి దింపి ఆఫీసులో ఒక కుర్చీ చూపించారు. ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఎవరి దగ్గరో ఈ పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రది, నేలను రాసుకుంటూ పోతుంది. ఎక్కాలంటే నడుం మడవాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యివ్వాలి. కాలనీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆదివారం పొద్దున తొర్రూరు రోడ్డు మీద దాన్ని పరుగెత్తించి ఇంటికొచ్చేసరికి ఆయన ముఖం మళ్లీ ఇంజను డ్యూటీ చేసొచ్చిన ముఖంలా ఉండేది. ఆ ముఖం కోసం కారు ఖర్చులన్నీ మింగి ఊరుకునేదాన్ని. అది కూడా పోతే ఆయన దగ్గర నడపడానికి ఇంకేమీ లేదని నాకు తెలుసు.

కారును తాడు కట్టి ములుగు రోడ్డులోని షెడ్డుకు లాక్కెళ్లారు. అక్కడి మెకానిక్ మా పాత స్కూటరు రోజుల నుంచీ తెలిసినవాడు. గేర్‌బాక్సు దింపాక రమ్మని కబురు చేస్తే ఇద్దరం వెళ్లాం. క్లచ్ ప్లేటు అరిగి రివిట్లు తేలాయి. దాన్ని పట్టుకుని తిప్పే బరువైన ఇనుప చక్రం, ఫ్లైవీల్, నీలంగా మాడిపోయింది. అడుగంటిన గిన్నెలా ఉంది. మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మా ఆయనతో అన్నాడు.

"క్లచ్ మీదికెల్లి ఎవరో కాలు తీస్తలేరు సార్. నడిపినంతసేపు కాలు దాని మీదనే ఉంటాంది. అక్క నేర్చుకుంటాందా?"

నేను నేర్చుకుంటున్న మాట నిజమే. రైల్వే గ్రౌండులో నాలుగైదు ఆదివారాలు ఆయన పక్కన కూర్చుంటే నడిపాను. అయితే నాకు క్లచ్ అంటేనే భయం. తొక్కీ తొక్కగానే కాలు లాగేసుకునేదాన్ని, కారు కప్పలా గెంతి ఆగిపోయేది. ఆయన తల పట్టుకునేవాడు. కాలు తీయకపోవడం నా జబ్బు కాదు, ఉండనివ్వకపోవడమే నా జబ్బు. అది ఆయనకూ తెలుసు. అయినా మెకానిక్ మాటకు ఆయన తిరిగి నా వైపే చూశాడు. నాకు ఒళ్లు మండింది. అందరికీ నేనే దొరికానా అని అడగబోయాను.

అప్పుడు ఆయన కాళ్ల మీద నా చూపు పడింది. ఎడమ కాలికి చెప్పు లేదు. అది వెనక, షెడ్డు గుమ్మం దగ్గర బురదలో పడి ఉంది. ఆయన ఒట్టి కాలితో ఇనుప రజను మీద నిలబడి, ఏమీ కానట్టు ఫ్లైవీల్ చూస్తున్నాడు. ఇంట్లో కూడా గేటు నుంచి ఒక చెప్పుతోనే లోపలికొచ్చాడని ఈ మధ్య రెండుసార్లు ఎగతాళి చేశాను. పెళ్లికొడుకు పరధ్యానంగా ఉన్నాడని అన్నాను. ఇప్పుడు నవ్వు రాలేదు. షుగరుకు పాదం మొద్దుబారి, కాలి కింద ఇనుము గుచ్చుకుంటే తెలియనివాడికి, కాలి కింద క్లచ్ ఉందని మాత్రం ఎలా తెలుస్తుంది?

"నేనే," అన్నాను మెకానిక్‌తో. "ఇంక అలవాటు కాలే."

చెప్పు తెచ్చి ఆయన పాదం పక్కన పెట్టాను. కిందికి చూసుకుని, వేసుకున్నాడు. ఎప్పుడు జారిందని అడగలేదు.

మెకానిక్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, ఉన్న ఫ్లైవీల్‌నే లేత్ మిషను మీద చెక్కించి మామూలు క్లచ్ వేయడం. అది మెత్తగా ఉంటుంది, ఊళ్లో తిరగడానికి హాయి. రెండోది, రేసులవాళ్లు వాడే సెట్టు. తేలిక ఫ్లైవీల్, గట్టి స్ప్రింగుల క్లచ్. బండి చెప్పినట్టు ఉరుకుతుంది కానీ ప్రతిసారీ గట్టిగా తొక్కాలి, ట్రాఫిక్‌లో పిక్కలు పట్టేస్తాయి. నా కాళ్లకు మెత్తదే మంచిదని నేను వెంటనే అందుకున్నాను. నా కాళ్ల పేరు చెప్పి ఆయన కాలి గురించి బతిమాలుతున్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"గట్టిదే వెయ్యి. కాలు పెడితే పెట్టినట్టు తెలవాలె," అన్నాడు.

ఆ మాట నన్ను దెప్పడానికే అన్నాడనుకున్నాను. కోపం కూడా వచ్చింది.

ఇంటికొచ్చి ఆయన కాళ్లు కడుక్కుంటుంటే ఎడమ అరికాల్లో చిన్న గాయం, దాని చుట్టూ ఎండిన నెత్తురు కనిపించాయి. మందు రాస్తూ దవాఖానకు పోదామని అడిగాను. బండి రానీ, అప్పుడు చూద్దామన్నాడు. మర్నాడూ అడిగాను. అదే మాట. గట్టిగా పోట్లాడితే క్లచ్ సంగతి బయటికి వస్తుందని నేనూ నోరు నొక్కుకున్నాను. జీవితంలో అన్నిసార్లు అనవసరంగా వాగినదాన్ని, అవసరమైనప్పుడే మాట పెగల్లేదు.

సామాను వచ్చింది, బిగించారు. కారు తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు ముసురు పట్టి ఉంది. ఈసారి ఆయన బూట్లు వేసుకున్నాడు, లేసులు బిగించి కట్టుకున్నాడు. షెడ్డు నుంచి రోడ్డెక్కేదాకా బాగానే నడిపాడు. నిజంగానే బండి ఉరికింది. ఆయన నవ్వాడు, నేను ఊపిరి పీల్చుకున్నాను. మొదటి సిగ్నలు దగ్గర ఆగి, పచ్చలైటు పడగానే గేరు వేశాడు. గేరు కరకరలాడింది, కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. అచ్చం నేను నడిపినట్టే. మళ్లీ స్టార్టు చేశాడు, మళ్లీ అంతే.

ఆయన తల వంచి కిందికి చూశాడు. నేనూ చూశాను. ఎడమ బూటు క్లచ్ మీద లేదు. దాని పక్కన, ఒట్టి నేలను బలంకొద్దీ తొక్కుతూ ఉంది.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఆయన కదల్లేదు.

"క్లచ్ మీదికెల్లి కాలు తీయంది నువ్వు కాదు గదా," అన్నాడు.

గట్టి క్లచ్ ఎవరి కోసం అడిగాడో అప్పుడు అర్థమైంది. తన కాలు తనకు జవాబు చెబుతుందేమోనని ఆఖరిసారి అడిగి చూసుకున్నాడు.

ఇద్దరు ముగ్గురు కారును పక్కకు తోశారు. ఆయన దిగి, బానెట్ పట్టుకుని చుట్టూ తిరిగొచ్చి, నా వైపు తలుపు తీసి తాళం చెవి చేతిలో పెట్టాడు. నాకు రోడ్డు మీద నడపడం రాదు, ఏడుపొస్తోంది, ఆ క్లచ్ రాయిలా ఉంది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, సీటు అంచుకు జరిగి తొక్కితే తప్ప దిగడం లేదు. ఆయన పక్క సీట్లో కూర్చుని గేరు ఎప్పుడు మార్చాలో, కాలు ఎప్పుడు తీయాలో మెల్లగా చెబుతూ వచ్చాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండేది.

బ్రిడ్జి ఎక్కాక, నా పిక్క వణుకుతుంటే చాలాసేపు దాన్నే చూశాడు.

"కాలు యాడున్నదో నీకు తెలుస్తాందా?" అని అడిగాడు.

"తెలుస్తాంది," అన్నాను.

"మంచిది," అని, కిటికీ అద్దం వైపు తిరిగాడు.